ఏమీ జరగలేదు

ఉచిత న్యాయసాయం ఆఫీసులో ఆమెను అందరూ రిజిస్టరక్క అంటారు. పందొమ్మిదేళ్లుగా అదే బల్ల, అదే కిటికీ. ఇల్లు ఖాళీ చేయమన్న నోటీసుతోనో, పింఛను ఆపేస్తామన్న ఉత్తరంతోనో వచ్చినవాళ్లకి ముందు కుర్చీ చూపిస్తుంది, తర్వాతే పేరు అడుగుతుంది. ఏడ్చేవాళ్లని ఏడవనిస్తుంది గానీ, తేదీ తప్పు చెబితే మాత్రం ఊరుకోదు.

మాటల దగ్గర పరమ పిసినారి. ఇంట్లోనూ అంతే. "ఇవాళ ఆఫీసులో ఏం జరిగిందే?" అని భర్త అడిగితే, "ఏమీ జరగలేదు" అంటుంది. ఎవరి సామానూ వీధిన పడలేదని దాని అర్థం. టైలరు పని చేసుకునే ఆ మనిషికి ఈ భాష ఎప్పుడో వంటబట్టింది. ప్రభుత్వానికి వంటబట్టలేదు, అదే వచ్చిన చిక్కు.

ఏటా పైకి పంపే నివేదికలో "ఫలితం" అని ఒక గడి ఉంటుంది. ఆఫీసు లాయరమ్మ కోర్టుకెళ్లి ఆపించిన ప్రతి కేసుకీ అక్క అందులో తన ఇంటిమాటే రాసింది. మూడువందల పన్నెండు చోట్ల "ఏమీ జరగలేదు." పైవాళ్లు చదివారు. ఏమీ జరగని ఆఫీసుకి నిధులెందుకని, నిలిపివేతకు ఫైలు సిద్ధం చేశారు.

ఆ కబురు విని అక్కకి తల కొట్టేసినట్టయింది. సిగ్గు ఒక్క పూటే. మర్నాడు లాయరమ్మ, "మాట మార్చి కొత్త నివేదిక పంపుదామా అక్కా?" అని అడిగింది.

"ఎందుకమ్మా మార్చడం? అది అబద్ధం కాదుగా. నిధుల కమిటీ ముందు మీరు చట్టం చెప్పండి, గడి సంగతి నేను చూసుకుంటా."

కమిటీ గదిలో అధ్యక్షుడు నివేదిక తిరగేస్తూ, "ఏమీ జరగలేదని మీరే రాశారుగా?" అన్నాడు.

"నేనే రాశానండి. నలభై ఒకటో వరస చూడండి. ముగ్గురు పిల్లల తల్లి. పదిహేనో తారీఖున ఇంటికి తాళం వేస్తామన్నారు. మా లాయరమ్మ కోర్టుకెళ్లారు. పదిహేనో తారీఖు వచ్చింది. పిల్లలు బడికెళ్లి అదే ఇంటికి తిరిగొచ్చారు. ఇంకేం రాయమంటారు?"

"మరి నిధులు ఆపేస్తే?"

"ఆ గడిలో రాయడానికి బోలెడంత దొరుకుతుందండి."

గదిలో ఎవరో నవ్వబోయి ఆగారు. అధ్యక్షుడు నవ్వలేదు. నలభై రెండో వరస తనే పైకి చదివాడు. చూపు మందగించిన తాపీమేస్త్రి, ఆపబోయిన పింఛను, ఏమీ జరగలేదు. తర్వాత నలభై మూడు, నలభై నాలుగు. యాభై దాకా వచ్చేసరికి ఆయన గొంతు తగ్గింది. ఫైలు మీద "నిలిపివేత" అన్న మాట కొట్టేసి, పక్కన "యథాతథం" అని రాశాడు.