స్టాపు దాటిపోయిన ఇంటర్వ్యూ

ఆ రోజుల్లో నాకు ఉద్యోగం లేదన్న మాటే గానీ, ఉద్యోగం చేయని రోజంటూ లేదు. పొద్దున్న పెరట్లో అంట్లు తోముతున్నా, మధ్యాహ్నం మేడ మీద ఆరబోసిన ధాన్యానికి కాపలా కూర్చున్నా, నా మనసు మాత్రం ఏదో ఒక ఏసీ గదిలో, తిరిగే కుర్చీలో హాయిగా కూర్చుని ఉండేది. ఎవరో వచ్చి చప్పుడు కాకుండా టీ పెట్టి వెళ్లేవారు. నేను ఫోన్లో ఎవరికో చాలా ముఖ్యమైన విషయం చెబుతూ ఉండేదాన్ని. (ఆ విషయం ఏమిటో, అసలు అక్కడ నా పనేమిటో మాత్రం ఎప్పుడూ తేలేది కాదు.) డిగ్రీ పూర్తయి, నరసన్నపేట పక్కన మా ఊళ్లో ఖాళీగా ఉంటున్న కాలమది. "ఈ గుంట ఈడ కూకుందనే గానీ, మనిషి ఈడ నేదు" అని మా అమ్మ ఇంటికొచ్చిన వాళ్లందరికీ నన్ను పరిచయం చేసేది. (మా వైపు గుంట అంటే ఆడపిల్ల.)

అప్పటికి రెండు ఇంటర్వ్యూలు పోయాయి. మూడోది విజయనగరంలో, నీటి మోటార్లు అమ్మే ఒక కంపెనీలో. ఫోన్లు ఎత్తి కస్టమర్లతో మాట్లాడే ఉద్యోగం. మా నాన్న కబురు విని, తువ్వాలు దులిపి భుజాన వేసుకుంటూ, "ఇదొక్కటీ సూడమ్మా. రాకపోతే మీ బావ కొట్లో కూకో. నీకు డిగ్రీ ఉందని యూరియా బస్తాలు వద్దంతాయేటి" అన్నాడు. ఆయన వేళాకోళానికి అనలేదు. అందుకే నాకు భయం పట్టుకుంది.

బావ అంటే మా అక్క మొగుడు. నరసన్నపేటలో ఎరువుల కొట్టు. కొట్టు పెట్టకముందు ఆయన హాజరు కాని ఇంటర్వ్యూ లేదు, వచ్చిన ఉద్యోగమూ లేదు. (అందువల్లే మా ఇంటావంటా ఇంటర్వ్యూల సంగతి ఆయనకు తెలిసినంతగా ఎవరికీ తెలియదని అందరి నమ్మకం.) రోజూ సాయంత్రం నన్ను కొట్టుకు రప్పించుకుని, తను బస్తా మీద కూర్చుని, నన్ను వీధి గుమ్మం దగ్గర నిలబెట్టేవాడు. లోపలికి ఎలా రావాలి, కుర్చీ చప్పుడు కాకుండా ఎలా లాగాలి, మంచినీళ్లు ఇస్తే సగమే ఎందుకు తాగాలి, అన్నీ నేర్పాడు. బేరానికి వచ్చిన రైతులు నా ఇంటర్వ్యూ అయ్యేదాకా అరుగు మీద కూర్చుని వినేవాళ్లు.

"నీ బలమేటి?" అనేవాడు బావ.

"ఏటంతే, నాకు ఓపిక ఎక్కువ..."

"ఏటి అనకు. ఏమిటి అను."

"నువ్వూ అదే అంతన్నావు కదా బావా?"

"నాను ఇంటర్వ్యూకి ఎల్తన్నానేటి?"

ఇన్ని నేర్చుకున్నాక ఇంటర్వ్యూ రోజు రానే వచ్చింది. శ్రీకాకుళంలో బస్సు మారి, కిటికీ పక్క సీటు సంపాదించాను. నా పక్కన ఎండుచేపల గంపతో ఓ పెద్దామె కూర్చుంది. కళింగపట్నం వైపు నుంచి వస్తోందట. బస్సు కదిలింది, గాలి తగిలింది, రోడ్డు పక్క సరుగుడు తోటలు వెనక్కి పోతున్నాయి. అంతే, నా ఎదురుగా ఓ తెల్లజుట్టు పెద్దమనిషి ప్రత్యక్షమై, ఎంతో మర్యాదగా ఇంటర్వ్యూ మొదలుపెట్టాడు.

"నాకు ఓపిక ఎక్కువండి" అన్నాను, పైకే అన్నట్టున్నాను.

"ఓపికుండాల తల్లీ. నాకు నేదు" అంది పక్కనామె.

"మీ కంపెనీలోనే ఎందుకు చేరాలనుకుంటున్నానంటే..."

"నాకు కంపెనీ ఏటమ్మా, ఈ గంపొక్కటే" అందామె. నేను వినిపించుకోలేదు. తెల్లజుట్టు సారు తల పంకిస్తున్నారు. నా ప్రతి జవాబూ ఆయనకు నచ్చుతోంది. అలాంటి ఇంటర్వ్యూ నా జన్మలో మళ్లీ జరగలేదు. జీతం ఎంత కావాలని ఆయన అడిగారు. సిగ్గుపడుతూ నోరు తెరవబోయాను.

"దిగు తల్లీ, కాంప్లెక్సు వొచ్చీసినాది" అని పెద్దామె నా భుజం తట్టింది.

నేను దిగాల్సింది బస్టాండులో కాదు, ఊరి మొదట్లో. ఆఫీసు ఎప్పుడో వెనక్కి పోయింది. ఆటో పట్టుకుని, వచ్చిన దారినే వెనక్కి వెళ్లి, జుట్టు రేగి, చెమటతో లోపలికి వెళ్లేసరికి మిగతావాళ్లంతా ఇళ్లకు వెళ్లిపోతున్నారు. కుర్చీ కర్రుమని అరిచింది. మంచినీళ్లు గ్లాసు మొత్తం తాగేశాను. ఎదురుగా ఉన్నది తెల్లజుట్టు సారు కాదు, కళ్లజోడు పెట్టుకున్న ఓ మేడం.

"గంట ఆలస్యం. ఎందుకు?" అని అడిగారు.

బావ నేర్పిన వాటిలో ఈ ప్రశ్న లేదు. జరిగింది జరిగినట్టు చెప్పాను. "ఇంటర్వ్యూలో ఉండిపోయానండి."

"వేరే కంపెనీలోనా?"

"కాదండి, మీదే. బస్సులో. తెల్లజుట్టు సారు ఒకాయన చేశారు."

మేడం పెన్ను కింద పెట్టారు. "మా ఆఫీసులో అలాంటి సారెవరూ లేరే."

"లేరండి. నా ఆలోచనలో ఉన్నారు."

ఆవిడ కుర్చీ ముందుకు జరుపుకున్నారు. "మరి ఉద్యోగం ఇచ్చారా?"

"ఇచ్చారండి. జీతం మాట్లాడుకుంటుంటే స్టాపు దాటిపోయింది."

ఆవిడకు నవ్వాగలేదు. నవ్వి, కళ్లజోడు తీసి తుడుచుకుని, "అయితే మామూలు ప్రశ్నలన్నీ అయిపోయినట్టే. నేనొకటే అడుగుతాను" అన్నారు. "మోటారు ఆగిపోయింది, నారుమడి ఎండుతోంది. రైతు ఫోన్ చేసి తిడుతున్నాడు. ఏం చేస్తారు?"

నాకు మా నాన్న కనిపించాడు. ఆ వేసవిలో మోటారు కాలిపోతే ఆయన మమ్మల్నందర్నీ తిట్టి, చివరికి కట్టేసిన దూడనీ తిట్టి, గట్టు మీద కూలబడిపోయాడు. "తిట్టనిస్తానండి. నీల్లు లేనప్పుడు మా నాన్నా తిడతాడు. అలిసిపోయినాక, ఏ ఊరు బాబూ మీది, మోటారుకి ఏటైనాది, సెప్పండి రాసుకుంతన్నాను అంతాను" అన్నాను. అన్నాక, బావ వద్దన్న 'ఏటి' గుర్తొచ్చి నాలుక కరుచుకున్నాను. మేడం కాగితం మీద ఏదో రాసుకున్నారు. ఫోన్ చేస్తామని పంపేశారు.

చీకటి పడే వేళకు నరసన్నపేట జంక్షన్లో బావ బండేసుకుని నా కోసం నిలబడి ఉన్నాడు. ఉద్యోగం పోయినట్టేనని చెప్పి, దారి పొడుగునా జరిగిందంతా చెప్పాను. తిడతాడనుకున్నాను. ఆయన బండి పక్కకు ఆపి, నా వైపు తిరిగాడు.

"నాను అన్ని ఊల్లు తిరిగినాను" అన్నాడు. "ఒక్క సారైనా నాకు బస్సులో ఉద్యోగం ఇవ్వనేదే."

వారం తిరక్కుండా ఫోన్ వచ్చింది. ఉద్యోగం నాకే. మొదటి జీతంతో నాన్నకు కొత్త తువ్వాలు కొంటే, అది భుజాన వేసుకుని ఏ పనీ లేకుండా బావ కొట్టు దాకా వెళ్లొచ్చాడు.

అదే కంపెనీలో ఉన్నాను ఇప్పటికీ. ఫోన్లో తిట్లు వినీ వినీ, నాకు ఓపిక ఎక్కువన్న మాట నిజమైపోయింది. ఈ మధ్య పై ఉద్యోగానికి ఇంటర్వ్యూ జరిగింది. వేళకు వెళ్లాను, తడుముకోకుండా జవాబులు చెప్పాను. నాకంటే చిన్నవాడైన ఆఫీసరు చివర్లో, "ఐదేళ్ల తర్వాత మిమ్మల్ని మీరు ఎక్కడ చూసుకుంటున్నారు మేడం?" అని అడిగాడు. బయట సన్నగా వాన మొదలైంది. ఐదేళ్ల తర్వాత... అనుకుంటూ అటు చూశాను. ఎంతసేపు చూశానో తెలియదు. "మేడం, మేడం" అని అతను పిలుస్తుంటే ఉలిక్కిపడి, మా అమ్మ చెప్పే ఆ గుంట ఇంకా నాలోనే ఉందని తెలిసి, జవాబు చెప్పడానికి బదులు నవ్వేశాను.