మా మేడమీది 'కదపకండి'

మా మేడమీద అద్దెకున్నాయనకి ఒకటే జబ్బు. జానెడు చోటు కనబడితే చాలు, ఓ గాజుగ్లాసెడు పసుప్పచ్చ నీళ్ళు పెట్టి "కదపకండి!" అంటాడు. మా వాటాల్లో అందరికీ ఆయన పేరు అదే.

ఉద్యోగం విటమిన్ పొడుల ఫ్యాక్టరీలో. అక్కడేం చేస్తావని అడిగాను. అడక్కపోతే నాకు అన్నం అరగదు.

"కొన్ని విటమిన్లు నూనెలోనే కరుగుతాయి పిన్నిగారూ, నీళ్ళలో వేస్తే పైకి తేలతాయి. పిండిని కాస్త మార్చి, దాంతో కలిపి గిలక్కొడితే, కంటికి కనబడనంత చిన్న చుక్కలైపోతాయి. ఆ పిండి ఓ చేత్తో నూనెని, ఓ చేత్తో నీళ్ళని పట్టుకుంటుంది."

"పిండికి చేతులేంటయ్యా! ఈ మాత్రానికి అంత చదువు చదివావా? బట్టలకి గంజి పెట్టే పిండి నా దగ్గరా ఉంది, చూస్కో!"

గంజి కాచి, నూనె పోసి, భుజం పడిపోయేలా గిలక్కొట్టాను. అటు తిరిగి ఇటు చూసేసరికి అడుగున జిగురు, పైన నూనె. ఆయన వంగి, దేవుణ్ణి చూసినట్టు చూసి, "భలే విడిపోయిందండీ!" అన్నాడు. నాకు ఒళ్ళు మండిపోయింది.

నా పొయ్యి పక్కన ఒక గ్లాసు, ఎండ పడే కిటికీలో ఒకటి, మెట్ల మలుపులో ఒకటి. పొద్దున్నే వచ్చి, అంచున నూనె తేలి పసుపు గీత కనబడగానే ఉసూరుమంటాడు.

"మీ ఫ్రిజ్‌లో పెట్టుకోవయ్యా!"

"ఫ్రిజ్ అయితే లాభం లేదండీ."

ఆయన పెళ్ళాన్ని అడిగితే, "మా మంచం కిందా ఉన్నాయి పిన్నీ. పక్కకి ఒత్తిగిల్లినా 'కదపకు' అంటాడు" అంది పాపం.

ఇక్కడ ఈ భాగోతం నడుస్తుంటే, కింద గదిలో బట్టలు కుట్టే అమ్మాయికి కంటిమీద కునుకు లేదు. దాని కూతురికి ఎముకల్లో బలం లేక కాళ్ళు వంకర తిరుగుతున్నాయి. డాక్టరమ్మ విటమిన్ నూనె చుక్కలు రాసిచ్చింది. నీళ్ళమీద ఆ నూనె తెట్టు చూడగానే పాప పళ్ళు బిగిస్తుంది. బలవంతాన పోస్తే మొత్తం బేసిన్లోకే. "మందు లోపల నిలవకపోతే కాళ్ళు నిలవవు" అని తేల్చేసింది డాక్టరమ్మ.

అందరం వెళ్ళి పలకరించాం. ఈ మహానుభావుడూ వచ్చాడు. పాపని చూడ్డం మానేసి, గదిలో ఎండ ఎంతదాకా పడుతోందో చూసి వెళ్ళిపోయాడు.

"రాతిగుండె!" అన్నాను, వినబడేలాగే.

ఓ పొద్దున నా కిటికీ దగ్గర గంతేశాడు. "గీత లేదు పిన్నిగారూ! ఎండలో లేదు, పొయ్యి పక్కనా లేదు!"

"అయితే పల్లకీ తెప్పించమంటావా?"

"కింద వాళ్ళకి ఫ్రిజ్ లేదు కదండీ. ఎండా, పొయ్యీ ఆ ఒక్క గదిలోనే. అక్కడ కూడా నూనె పైకి తేలకూడదు, పాప కంటపడుతుంది."

"ఓరి నీ... ఇన్నాళ్ళూ ఆ పిల్లకోసమా? చెప్పి చావొచ్చుగా!"

"కుదరకపోతే? వాళ్ళమ్మ ఊరికే ఆశ పెట్టుకుంటుందని..."

నేనూ వంగి, గ్లాసు అంచున గీత కోసం వెతికాను. కదపలేదులెండి.

పాపకని ఫ్యాక్టరీలో వేరే సీసాడు మందు శుభ్రంగా చేయించాడు. డాక్టరమ్మ కొలత సరిచూసి సరేనంది. పాప గ్లాసు అటూ ఇటూ తిప్పి చూసింది. తెట్టు లేదు, వాసన లేదు. గడగడా తాగేసి, అలవాటుగా "అమ్మా, బేసిను!" అంది.

తల్లి బేసిను పట్టుకుంది. నేను వీపు నిమిరాను. ఆయన పక్కనే చతికిలబడ్డాడు. పెద్దవాళ్ళం ముగ్గురం ఖాళీ బేసిన్లోకి తొంగిచూస్తూ కూర్చున్నాం.

"ఏంటీ, రాదేం?" అంది పాప, తనకేదో అన్యాయం జరిగినట్టు.

"ఇంక రాదమ్మా" అన్నాడాయన.

 పాప, తల్లి చేతిలోంచి బేసిను లాక్కుని, బోర్లించి, దానిమీద దర్జాగా కూర్చుంది.