బాషా పేరు మీద పోయిన పుస్తకాలు

రాష్ట్రం విడిపోయిన మరుసటి వేసవిలో నన్ను ప్రొద్దుటూరు నుంచి జమ్మలమడుగుకు బదిలీ చేశారు. నేను రెండో శ్రేణి గ్రంథపాలకుడిని. అక్కడి గ్రంథాలయంతో పాటు పెద్దముడియం పక్క ఒక పల్లెలోని పుస్తక నిక్షిప్త కేంద్రం కూడా నా అజమాయిషీలోకి వచ్చింది. సొంత గ్రంథాలయం లేని ఊళ్లో ఒక నమ్మకస్తుడి దగ్గర పెట్టెడు పుస్తకాలు ఉంచుతాం. కొన్నాళ్లకు ఆ పెట్టె తెచ్చుకుని ఇంకో పెట్టె ఇస్తాం. కేంద్రమంటే అంతే. ఊరి పేరు రాయను. రాస్తే అక్కడివాళ్లు ఇది కూడా తాము చదవలేదంటారు.

ఆ నమ్మకస్తుడు మహబూబ్ బాషా. కువైట్‌లో కొన్నేళ్లు బట్టలు కుట్టి తిరిగొచ్చి, బస్టాపు దగ్గర టైలరు షాపు పెట్టుకున్నాడు. పెట్టె మార్చే రోజున ఆటోలో జమ్మలమడుగు వచ్చి, నవలలూ చరిత్ర పుస్తకాలూ కలిపి తనే ఏరుకునేవాడు. పల్లెకు నవలలు చాలవా అని ఒకసారి అడిగాను.

"యాడ చాలతాయి సార్? కోట కత చదివినోడు, ఆ కోట ఎవురు కట్టించినారని నన్నడుగుతాడు. నేనేం చెప్పాల?" అన్నాడు.

కూరగాయల అంగట్లో కొత్తిమీర కొసరు వేసినట్టు, నవల తీసుకున్నవాడి చేతిలో ఒక చరిత్ర పుస్తకం కూడా పెట్టి పంపేవాడు. అలా ఊళ్లో చాలామందికి చరిత్ర రుచి తగిలింది.

ఆ ఊళ్లో పై వీధి, కింది వీధి అని రెండు వర్గాలు. రెండూ భూములున్న రెడ్ల కుటుంబాలే, ఒకప్పుడు చుట్టాలే. ఇప్పుడు ఒకరింట పెండ్లికి ఒకరు పోరు, చావుకూ పోరు. ఇక మా పద్ధతి చూడండి. ప్రతి పుస్తకం వెనక అట్టలో ఒక కార్డు ఉంటుంది. తీసుకున్నవాళ్లు దాని మీద సంతకం చేయాలి, ఒకరి కింద ఒకరు. తంటా అక్కడే వచ్చింది. పై వీధి పెద్ద ఓబుళరెడ్డి ఒక నవల ముచ్చటపడి తీసుకుని, కార్డు చూసి బల్ల మీద పడేశాడట. పైన కింది వీధి పెద్ద పుల్లారెడ్డి సంతకం ఉంది.

"వాని కింద నేను సంతకం పెట్టాల్నా?" అన్నాడట. పుల్లారెడ్డిదీ అదే వరస.

దానికి బాషా ఒక దారి కనిపెట్టాడు. ఎవరు ఏ పుస్తకం తీసుకున్నా సంతకం తనే చేసేవాడు. కుట్టిన చొక్కాల మడతలో పెట్టి ఇంటికి ఇచ్చి వచ్చేవాడు. ఏది ఎవరింట్లో ఉందో అతనికి కంఠతా వచ్చు. ఇది నాకు చెప్పే చేశాడు. నేను సరేనన్నాను, ఇవాళ అడిగినా సరేననే అంటాను. రెండు వీధులూ ఒకే పుస్తకాన్ని ఒకరి తర్వాత ఒకరు చదివాయి. వాళ్లు కలిసి చేసిన పని అదొక్కటే, అదీ వాళ్లకు తెలియకుండా.

కొన్నేళ్లు నడిచింది. పంచాయతీ ఎన్నికల ముందర తనిఖీ ఉత్తర్వు వచ్చింది. తనిఖీ అంటే ప్రతి పుస్తకాన్నీ కంటికి చూపించాలి. చూపలేకపోతే కేంద్రం మూతపడుతుంది, సంతకం చేసినవాడి సభ్యత్వం రద్దవుతుంది. బాషా ఇల్లిల్లూ తిరిగాడు. ఎన్నికల వేడికి రెండు వీధుల మనుషులూ అతని షాపు ముందే కాపు కాస్తున్నారు. ఇప్పుడు పుస్తకం బయటికి వస్తే, ఎదుటి వీధివాడు ముట్టినదే తామూ చదివామని తేలిపోతుంది.

"నాకియ్యి మామా, సంచిలో ఏస్కపోతా, ఎవురికీ కనపడదు" అని ఓబుళరెడ్డిని బతిమాలాడట.

"మా ఇంట్లో పుస్తకాలేంది బాషా? సంతకం ఎవురిదో వాణ్ణడుగు పో" అన్నాడట ఆయన.

తనిఖీ రోజు నేనూ వెళ్లాను. పెట్టెలో సగం కూడా లేవు. నేను అధికారికి అసలు సంగతి చెప్పాను. ఆయన మంచివాడే, ఆ పెద్దలిద్దరినీ పిలిపించి అడిగాడు. ఎన్నో ఏళ్ల తర్వాత వాళ్లిద్దరూ ఒకే బల్ల మీద, ఆ చివర ఒకరు ఈ చివర ఒకరు కూర్చున్నారు. ఒకే మాట చెప్పారు.

"మాకేం తెలుసు సార్. అన్నీ ఆయప్ప సంతకాలే గదా."

బాషా వాళ్ల ముఖాలు ఒకసారి చూసి, మిగిలిన పుస్తకాలు పెట్టెలో సర్దడం మొదలుపెట్టాడు. నాకు మాత్రం ఒళ్లు మండింది. గట్టిగానే మాట్లాడాను. అధికారి నన్ను పక్కకు పిలిచి, నోటిమాట రాసుకోవడానికి నిబంధన ఒప్పుకోదన్నాడు. ఆ సాయంత్రమే పెట్టె ఆటో ఎక్కింది. పోయినవాటికి బదులు అవే పుస్తకాలు తెచ్చిపెడితే బాషాకు మళ్లీ సభ్యత్వం ఇస్తామని రాశారు. ఆ చరిత్ర పుస్తకాల్లో సగం మళ్లీ అచ్చే కాలేదు. యాడ నుంచి తెస్తాడు?

ఎన్నికలు అయిపోయాక ఓబుళరెడ్డి జమ్మలమడుగుకు వచ్చాడు. ఒక నవల రెండో భాగం కావాలన్నాడు.

"మొదటి భాగం చదివినారా?" అని అడిగాను.

"ఆ, ఇంట్లోనే ఉండాది" అన్నాడు, కండ్లలో కండ్లు పెట్టి.

దాన్ని తెచ్చి ఇవ్వమన్నాను. ఇస్తే బాషా పేరు మీద ఒకటైనా తగ్గుతుందన్నాను. "అయిపోయినదాన్ని ఎందుకు తవ్వుతావు సార్" అంటూ సభ్యత్వ దరఖాస్తు నింపి నా ముందు పెట్టాడు. పూచీదారు ఉన్నాడు, చిరునామా ఉంది, ఆయన పేరు మీద ఒక్క పుస్తకమూ బాకీ లేదు. కాదనడానికి నాకు నిబంధన దొరకలేదు. "ఈడైతే ఆ పుల్లారెడ్డి పీడ లేదు" అని నవ్వుతూ కార్డు మీద సంతకం చేశాడు.

పుస్తకం మనిషిని మారుస్తుందని మాకు శిక్షణలో చెప్పారు. ఆ ఊళ్లో అందరికన్నా ఎక్కువ చదివిన ఇద్దరే అందరి ముందు అబద్ధమాడారు. పుస్తకం చదివే కుతూహలం వేరు, చదివానని ఒప్పుకునే దమ్ము వేరు. రెండోది మా బీరువాల్లో దొరకదు. నేను పదవీ విరమణ చేసిన నాటికి ఓబుళరెడ్డి మా సభ్యుడు. బాషా కాడు.