నీళ్లు మెల్లగా దిగిన వారం

డ్యాముకు దిగువన నదిని కనిపెట్టి చూసే ఉద్యోగం వచ్చాక చింతపల్లిలో గది తీసుకున్నాను. వారానికి మూడు రోజులు షేర్ జీపులో ఘాట్‌రోడ్డు దిగి నది దగ్గరికి వెళ్లాలి. అక్కడ నాటిన స్కేలు మీద నీటిమట్టం చూడాలి, చిన్న వల వేసి పడ్డ చేపల్ని లెక్కపెట్టి మళ్లీ వదలాలి. పవర్‌హౌస్ నడిస్తే నది ఎంత పెరుగుతోంది, ఆపితే ఎంత తగ్గుతోంది, మధ్యలో చేపలు ఏమవుతున్నాయి అన్నది నేను రాయాల్సిన సంగతి.

మొదటి రోజే ఒకామె వచ్చి రాయి మీద కూర్చుంది. అరవై దాటి ఉంటాయి. పక్కనున్న కొండ ఊరు ఆమెది. భర్త పోయాక ఈ నదిలో చేపలు పట్టి పిల్లల్ని పెంచిందని తర్వాత తెలిసింది. నేను పరిగె చేపల్ని నీళ్లలోకి వదులుతుంటే అడిగింది.

"ఏటి సేత్తన్నావమ్మా? పట్టినవన్నీ వదిలేత్తన్నావు."

"లెక్కపెడుతున్నాను మామ్మా."

"లెక్కెట్టి?"

"రాసుకుంటాను."

"మరి మజ్జానం ఏటి తింతావు?" అంది. ఆకులో కట్టుకొచ్చిన సామల అన్నంలో సగం నాకు పెట్టింది. అప్పటి నుంచి నేను వెళ్లే రోజుల్లో ఆమె మూట కాస్త పెద్దదిగా ఉండేది.

తొలకరి వానలు పడ్డ రోజుల్లో ఓ ఉదయం నేను జీపు దిగేసరికి ఆమె దారిలోనే ఎదురొచ్చింది. "బేగి రా" అని చెయ్యి పట్టుకుని ఒడ్డుకి తీసుకెళ్లింది. పవర్‌హౌస్ ఆపేశారు. గంట కిందట మోకాలి లోతు నీళ్లున్న చోట గులకరాళ్లు బయటపడి ఉన్నాయి. ఆమె ఒక రాయి తిప్పి చూపించింది. అడుగున అంటుకున్న చేప గుడ్లు ఎండకి ముడుచుకుపోతున్నాయి. పక్క గుంటల్లో చిక్కిన చేపపిల్లలు గిలగిల్లాడుతున్నాయి.

నా స్కేలు లోతైన చోట ఉంది. అన్నాళ్లుగా రాసిన నా కాగితాల్లో ఈ ఒడ్డే లేదు. సిగ్గేసింది.

ఇద్దరం నా బకెట్‌తో పిల్లల్ని ఎత్తి నదిలో పోశాం. గుడ్లను మాత్రం ఏమీ చేయలేకపోయాం. ఆమె చేతులు కడుక్కుంటూ, "నీళ్లు ఆపొద్దన్నేదు. మెల్లగా ఆపమను. పురిటింట్లో తలుపు దడాల్న ఏసేత్తారేటి?" అంది.

ఫొటోలు తీసుకుని డ్యాము ఇంజినీరు దగ్గరికి వెళ్లాను. ఆయన చాలాసేపు చూసి, "ఇది మాకెవరూ చెప్పలేదండీ" అన్నారు. మర్నాడు స్వయంగా వచ్చారు. ఆమె ఆయన చేత రాళ్లు తిప్పించింది. ఆయన ప్యాంటు తడుపుకుని ఆమె చెప్పిందంతా విన్నారు. "పైవాళ్లని అడగాలి. ఒక వారం మెల్లగా దించి చూద్దాం" అన్నారు.

పైవాళ్లు ఒప్పుకున్నాక, తర్వాతి వానకి ఆ వారం దొరికింది. గంటలో దిగే నీళ్లు సాయంత్రం దాకా దిగాయి. అన్ని గుడ్లూ బతకలేదు. కానీ నాలుగో రోజు ఒడ్డు పొడుగునా దారప్పోగుల్లాంటి పిల్లలు కనిపించాయి. చీలమండల లోతులో నిలబడిన ఆమె చుట్టూ అవి చేరితే, ఎక్కడ తొక్కేస్తానో అని చాలాసేపు కదల్లేదు.

ఇప్పుడు ఒడ్డు కూడా కొలుస్తున్నాం. గుడ్లెక్కడున్నాయో ఆమె చెబుతుంది, నేను రాస్తాను. ఈ ఏడాది రెండుసార్లు నీళ్లు మెల్లగా దించారు, ఒకసారి మాత్రం కుదరలేదు. ఆ రోజు పొద్దుటి నుంచి బకెట్లు మోసి ఆమె కూలబడిపోయింది. ఆమె కాళ్లు నా ఒళ్లో పెట్టుకుని నొక్కాను.

"ఒగ్గేయమ్మా, ఎవులైనా సూత్తారు" అంది. కాళ్లు మాత్రం తీసుకోలేదు.