అత్త డాబా మీదుగా వెళ్లే గాజుపెట్టెలు

రోప్‌వే వచ్చి మా కొండవాడను ఉద్ధరించేసింది. అందరికంటే ఎక్కువగా మా మేనత్తను.

అత్త దిగువనున్న లాడ్జీ దుప్పట్లు ఉతికి, తన డాబా మీద ఆరేసి, మడతపెట్టి ఇచ్చేది. మూట నెత్తిన పెట్టుకుని మెట్లెక్కీ దిగీ మోకాళ్లు అరగదీసుకుంది. అందుకే రోప్‌వే కావాలా అని ఆఫీసర్లు అడిగినప్పుడు వాడలో ముందు చెయ్యెత్తింది ఆమే.

తీరా అది నడవడం మొదలయ్యాక మూటతో వెళితే గేటు దగ్గరే ఆపేశారు. చేతిసంచి కంటే పెద్ద సామాను ఎక్కించకూడదట. అత్త మళ్లీ మెట్లే ఎక్కింది. పైన రోప్‌వే గాజుపెట్టెల్లోంచి జనం ఆమెకు చేతులూపారు. మర్యాదస్తులు, పాపం.

ఆ తర్వాత ఆఫీసువాళ్ల చూపు మా డాబాల మీద పడింది. కప్పులన్నిటికీ ఉచితంగా రంగులేయించారు. కారే కప్పుల్ని బాగుచేయలేదు. కారడం పైనుంచి కనిపించదు కదా! డాబాల మీద బట్టలు ఆరేస్తే చూడ్డానికి బాగోదని నోటీసు కూడా అంటించారు. అత్త గదిలోనే, మంచం మీదుగా తాడు కట్టుకుని దుప్పట్లు ఆరేసింది. అవి ముక్కవాసన కొట్టాయి. కొత్తగా వచ్చే జనంతో కిటకిటలాడుతున్న లాడ్జీవాళ్లు వాసనను ఎందుకు భరిస్తారు? పని మరొకరికిచ్చేశారు. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటే ఇదే. నాకు ఒళ్లు మండిపోయింది.

మొన్న రోప్‌వే సూపర్‌వైజరు ఇంటికొచ్చాడు. బోసి డాబాలు చూసి జనం నిరాశపడుతున్నారట, ఫొటోల్లో వాడకు కళ లేదట. అందుకని అత్త డాబా మీద రంగురంగుల బట్టలు వేలాడాలని వాళ్ల ఆఫీసు పెద్దలు తీర్మానించారు. బట్టలు వాళ్లే ఇస్తారు. పొద్దున ఆరేసి సాయంత్రం తీస్తే నెలజీతం.

"వాటి పక్కనే నా దుప్పట్లు కూడా ఆరేసుకోనా బాబూ? లాడ్జీవాళ్లను మళ్లీ అడుగుతాను."

"కుదరదమ్మా. తడి కారితే కప్పు రంగు పాడవుతుంది."

"అంటే తడిబట్ట ఆరేస్తే తప్పు, ఆరిన బట్ట ఆరేస్తే జీతమా?"

అతను సంతోషంగా అవునన్నాడు. ఎత్తిపొడుపు అతని దాకా వెళ్లలేదు. ఇల్లు గడవాలి కాబట్టి అత్త ఒప్పుకుంది.

మర్నాడు ఆమె పనిలో దిగింది. పైన పెట్టెల్లోంచి ఫొటోలు తీసుకుంటున్నారు. అలవాటు చొప్పున అత్త ఒక్కో పొడిబట్టనూ రెండు చేతులా గట్టిగా పిండి, దులిపి, తాడు మీద వేస్తోంది. మెట్ల మీద నిలబడి చూస్తున్న నాకు ఏడుపొచ్చింది.