కుర్చీ దిగని అక్క

మా అక్క బడిలో పెద్ద తరగతులకు సాహిత్యం చెప్పేది. నేను బట్టలు కుడతాను. ఇద్దరం ఒకే ఇంట్లో, రోజూ పోట్లాడుకుంటూ హాయిగా ఉండేవాళ్ళం. నేను సూదిలో దారం ఎక్కించుకుంటుంటే ఆవిడ ఏ పాత నవలో తెరిచి, ఇందులో ఈ మనిషి పిసినారి కాదే, పిరికివాడు అని మొదలుపెట్టేది. ఎవడైతే నాకేంటి, నా దగ్గర చొక్కా కుట్టించుకుంటాడా అని విసుక్కునేదాన్ని. పడీ పడీ నవ్వేది.

పాత్రల స్వభావం విప్పి చెప్పడానికి అక్కకు సొంత పద్ధతి ఒకటి ఉండేది. తరగతి మధ్యలో కుర్చీ వేయించేది. అందులో కూర్చున్న పిల్ల ఇక ఆ పిల్ల కాదు, నవలలోని మనిషి. మిగతావాళ్ళ ప్రశ్నలకు ఆ మనిషిలాగే జవాబు చెప్పాలి. పుస్తకంలో లేనిది ఒక్క ముక్క కలిపినా, "ఏ పేజీలో ఉంది?" అని అక్క గద్దించేది. కుర్చీ దిగేముందు మాత్రం పొద్దున ఇంట్లో ఏం తిన్నదీ చెప్పి తీరాలి. అలా చెబితే ఆ పాత్ర కుర్చీలోనే ఉండిపోతుందట, మనిషి తన ఒంట్లోకి తాను వస్తుందట. అంతా చాదస్తం అని నేను కొట్టిపారేసేదాన్ని.

ఆ ఏడాది పాఠం ఒక పెద్దింటి అమ్మగారి కథ. నా అన్నవాళ్ళు లేని మనిషి. ఎప్పుడూ కిటికీ దగ్గర కూర్చుంటుంది, ఎవరినీ నమ్మదు, పనిమనిషి తెచ్చే గ్లాసుడు పాలు తప్ప పుస్తకం మొత్తంలో ఏదీ ముట్టదు. పిల్లలంతా కూడబలుక్కున్నట్టు 'అహంకారి' అని రాసి పడేశారు. అక్కకు ఒళ్ళు మండింది. అది పొగరు కాదు, ఒకరి చేతి ముద్ద తింటే వాళ్ళకు లోకువైపోతానన్న భయం అంది. చూపిస్తానుండండి అని తానే కుర్చీలో కూర్చుంది.

ఆ పొద్దున అక్క ఏమీ తినలేదు. దిద్దాల్సిన పేపర్లున్నాయని, వడ్డించిన పళ్ళెం అలాగే వదిలేసి పరుగెత్తింది. పాఠం అయ్యాక పిల్లలు అలవాటుగా ఏం తిన్నారు టీచర్ అని అడిగితే, చాలాసేపు ఆలోచించి, ఏమీ లేదు అందట. పిల్లలు నవ్వారు. అక్క నవ్వలేదు. అలాగే లేచి వచ్చేసింది.

ఇంటికొచ్చిన మనిషి బట్టలు అవే, చెప్పులు అవే. కానీ గుమ్మంలో ఉన్న నన్ను తప్పించుకుని లోపలికి నడిచింది. నా కుట్టుమిషను దగ్గరి స్టూలు కిటికీ దాకా లాక్కుని, నిటారుగా కూర్చుంది. అక్క కొలతలు నాకు కంఠతా వచ్చు. నేను కుట్టిన బట్టలే ఆవిడకు భుజాల దగ్గర బిగుసుకుపోయి ఉన్నాయి.

మొదట వేళాకోళం అనుకున్నాను. అన్నం కలిపి తెస్తే మొహం తిప్పుకుంది. నాకు చిర్రెత్తుకొచ్చింది.

"చాల్లే నీ నాటకాలు. నేనే, నీ చెల్లెల్ని."

ఆవిడ నా వైపు తిరిగింది. గొంతు పెంచలేదు.

"నాకు చెల్లెలు లేదండీ. ఉంటే ఏ పేజీలో ఉందో చూపించండి."

ఆ 'అండీ' వినగానే చేతిలో పళ్ళెం కింద పెట్టేశాను.

డాక్టరు చూసి అలసట అన్నాడు, మాత్రలు రాశాడు. మింగేదెవరు? చివరికి నా బతుకులో మొదటిసారి ఆ నవల తెరిచాను. ఏడుస్తూ, తిట్టుకుంటూ చదివాను. ఆ ఇంట్లోకి వెళ్ళడానికి నాకు ఒకటే దారి కనిపించింది. మర్నాడు తలొంచుకుని గ్లాసు పట్టుకెళ్ళి, పాలు తెచ్చానమ్మగారూ అన్నాను. గటగటా తాగేసింది.

అప్పటినుంచీ నేను ఆ ఇంటి పనిమనిషిని. నోరు జారి అక్కా అన్నానా, ఆ రోజు పాలు కూడా ముట్టదు. మనిషి చిక్కి సగమైపోయింది. పొద్దునపూట పుస్తకంలో లేని ముద్ద ఒక్కటి లోపలికి వెళితే చాలు, ఏం తిన్నావని అడగొచ్చు, ఆవిడ చెప్పొచ్చు, ఆ కుర్చీ దిగొచ్చు. నాకున్న ఆశ అదొక్కటే. వెళ్ళకపోతే ఏమవుతుందో తలుచుకోవాలంటేనే భయం.

నిన్న పొద్దున ధైర్యం చేసి గ్లాసు పక్కన పళ్ళెం కూడా పెట్టాను. ఆవిడ పళ్ళెం వైపు చూసింది. తర్వాత నా వేళ్ళ మీద సూది పోట్లు చూసింది. ఆవిడ నెమ్మదిగా పళ్ళెం పక్కకు జరిపి, కిటికీలోంచి వీధిలోకి చూస్తూ అంది.

"నాకూ ఒక చెల్లెలుంటే బాగుండేది. అది పెడితే తినేదాన్ని."

మాట నోటిదాకా వచ్చింది. మింగేశాను.

"అవునమ్మగారూ" అని గ్లాసు అందించాను. తాగింది.