నాలుగు మూలల్లో ఒక్కటే చాలు

మేం ముగ్గురం ఒకే అద్దాల కార్ఖానాలో పనిచేస్తాం. గాజు కోసే యంత్రానికి ప్రోగ్రామ్ రాసేది మా వదిన, ఆ యంత్రం దగ్గర కూర్చునేది మా నాన్న, కోసిన పలకల అంచులు నున్నగా చేసేది నేను. వదిన మా ఇంటికొచ్చిన కొత్తలో ఈవిడ నోట్లో నాలుక లేని మనిషనుకున్నాను. నా అంచనా ఏపాటిదో తర్వాత తెలిసింది.

కంప్యూటర్‌కు బొమ్మ కనబడదట, అంకెలే కావాలట. గుండ్రటి పలకయితే నడిమధ్య ఎక్కడో, అక్కణ్ణుంచి అంచు ఎంత దూరమో చెబితే సరి. నలుచదరపు పలకకు మాత్రం వదిన నాలుగు మూలలూ విడివిడిగా రాసిపెట్టింది. అక్కడే వచ్చింది చిక్కు. మందుల షాపువాళ్లు బల్లమీది గాజు వెడల్పు తగ్గించమన్నారు. నాన్న ఒక మూల జరిపాడు, దాని జత మూల జరపడం మరిచాడు. యంత్రం చెప్పింది చెప్పినట్టు కోసింది. దళసరి పలక కాస్తా వంకరగా వచ్చి చెత్తలోకి పోయింది.

యజమాని ఇంతెత్తున లేచాడు. "పెద్దాయనకు వయసైపోయింది. రేపట్నుంచి ఆ కుర్చీలో ఇంకొకర్ని కూర్చోబెడతా."

నాన్న చేతులు తుడుచుకుంటూ తల దించుకుని నిలబడ్డాడు. నాకు ఒళ్లు మండిపోయింది గానీ, నోరు విప్పింది వదినే.

"తప్పు మావయ్యగారిది కాదండీ, నాది. వంకర పలకను కూడా నలుచదరమే అని ఒప్పుకునేలా రాశాను."

"ఆయనే మాట్లాడటం లేదు, మధ్యలో నీకెందుకమ్మా? కందకు లేని దురద కత్తిపీటకా?"

వదిన భోజనం కూడా మాని ప్రోగ్రామ్ తిరగరాస్తూ కూర్చుంది. ఒక్క మూల, పొడవు, వెడల్పు, అంతే ఉంచింది. మిగతా మూలలు యంత్రమే లెక్కగట్టుకోవాలి. ఇక వెడల్పు మారిస్తే జత మూలలు కలిసే జరుగుతాయి. వంకరగా కోయమందామన్నా చెప్పే దారి లేదు! సాయంత్రం యజమాని నమ్మక, తనే కూర్చుని ఇష్టమొచ్చిన అంకెలు కొట్టాడు. తెరమీద పలక సన్నబడింది, పొట్టిదైంది, చచ్చినా వంకర తిరగలేదు. "సరే, ఆయన్నే కూర్చోమను" అని గొణిగి లేచిపోయాడు.

మర్నాడు మందుల షాపు గాజు నాన్నే కోశాడు. బల్లమీద అతికినట్టు కూర్చుంది. మా వదినంటే నాకెంత గర్వమో ఇంటికెళ్లాక చెబుదామనుకున్నాను. నాన్నే ముందు అందుకున్నాడు.

"ఇన్నేళ్లుగా పలక పాడైతే కోసినవాణ్ణే తిట్టారమ్మా. ప్రోగ్రామ్ రాసినవాళ్లు తప్పు మాది అనడం నీ దగ్గరే విన్నా."